పట్కారు మీద పసుపు

మా క్వార్టర్ల లైన్లో ఒక కట్టుబాటు ఉండేది. డ్యూటీకి బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఇది ఎక్కడైనా ఉన్నదే అంటారు మీరు. నిజమే, కానీ బొగ్గుబాయి దిగే మనిషి విషయంలో అది ఉత్త అపశకునం కాదు, మన నోటితో మనమే శాపం పెట్టినట్టు లెక్క. టిఫిన్ డబ్బా మరిచిపోయి పోతున్నా సరే, పిలవం. డబ్బా పట్టుకుని వెనక గల్లీలోంచి పరుగెత్తి, మూలనున్న నల్లా దగ్గర ఎదురుపడి చేతిలో పెట్టాలి. మా ఆయనకు మతిమరుపు ఎక్కువ. పెళ్లయిన కొత్తలో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ గల్లీలో నేను పరుగెత్తిన పరుగులకు ఎవరైనా లెక్క రాసి ఉంటే నాకు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చేది. ఇక మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అంటారా, ఆ ఊసే లేదు.

బ్రేకు కథ చెప్పబోతూ ఈ సంగతంతా ఎందుకంటారా? ఉంది, ఆగండి. డిజైన్ పని నేర్చుకునే పిల్లలు ఇప్పుడు తెర మీద గీస్తున్నారు, తెర మీదే విరగ్గొట్టి చూస్తున్నారు. మంచిదే. కానీ మనం గీసిన వస్తువు బయటికి పోయాక దాన్ని ఎవరు ముట్టుకుంటారో, ఏ చేత్తో ముట్టుకుంటారో, అది మాత్రం ఏ తెరా చూపించదు.

ఎనభైల చివర్లో గోదావరిఖని వైపు కంపెనీ వర్క్‌షాపులో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా బాపు బొగ్గు ఎత్తి డబ్బాల్లో నింపే కోల్‌ఫిల్లర్‌గా చేసి మోకాళ్లు అరిగిపోయి మెడికల్ అన్‌ఫిట్ అయితే, ఐటీఐలో డ్రాయింగు చదివిన పుణ్యానికి ఆయన బదులు నాకు ఈ పని దొరికింది. బాపు మోకాళ్లు బొగ్గు ఎత్తి అరగలేదు, నడిచి అరిగాయి. మా దగ్గర చాలా బాయిలు ఏటవాలుగా లోపలికి దిగుతాయి. దిగేటప్పుడు పర్వాలేదు. షిఫ్టంతా చెమటోడ్చాక ఆ ఏటవాలు మళ్లీ పైకెక్కి రావాలి. పైకొచ్చిన మనిషి ఇంటికొచ్చి బువ్వ కూడా తినకుండా పడుకునేవాడు. కొందరు ఓర్వలేక, బొగ్గు డబ్బాలను లాగే తాడు బండ్ల మీద దొంగచాటుగా ఎక్కేవారు. తాడు తెగిన రోజు వాళ్ల ఇళ్ల ముందు టెంట్లు వేసేవారు.

అందుకని మనుషులను ఎక్కించుకుని దిగే బండి ఒకటి కావాలని పైవాళ్లు అనుకున్నారు. విదేశాలది తెప్పిస్తామన్నారు, అది రాలేదు. చివరికి మా వర్క్‌షాపునే చేయమన్నారు. బండి చేయడం పెద్ద పని కాదు. పట్టాల మీద చక్రాలు, పైన బెంచీలు, లాగడానికి పైనున్న ఇంజను, దానికో ఇనుప తాడు. అసలు ప్రశ్న ఒక్కటే. తాడు తెగితే?

మా డిజైన్ ఇంజనీరు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి. పుట్టుకతోనే కంగారు. చేతిలో పెన్సిలు ఎప్పుడూ కొరికిన పెన్సిలే. ఆయన స్ప్రింగుల లెక్కలు వేసేవాడు, నేను బొమ్మ గీసేదాన్ని. తాడు బిగువుగా ఉన్నంతసేపు తెరుచుకుని ఉండి, తాడు వదులైన క్షణంలో పట్టాను కరుచుకునే దవడలు కావాలి. అవి ఎట్లా మూసుకోవాలన్న దగ్గర ఇద్దరం చాలా రోజులు చిక్కుకున్నాం. ఒక పొద్దున నేను పొయ్యి మీంచి వేడి గిన్నె దించుతూ చేతిలోని పట్కారు వంక అట్లాగే చూస్తూ నిలబడ్డాను. అన్నం మాడింది, దవడల చిక్కు వీడింది. మధ్యాహ్నానికల్లా కాగితం మీద పెట్టాను. ఆయన చూసి, పెన్సిలు నోట్లోంచి తీసి, "ఇది నిలబడుతుందమ్మా," అన్నాడు. ఆ రోజు నుంచి వర్క్‌షాపంతా దాన్ని పట్కారు అనే పిలిచింది. బండి కింద నాలుగు పట్కార్లు. పట్టాను పట్టుకునే చోట లారీ బ్రేకులకు వాడే లైనింగు ముక్కలు. వాటిని బసంత్‌నగర్‌లో సిమెంటు లారీలు బాగుచేసే మెకానిక్కుల దగ్గర ఏరి తెచ్చాడు మా ఫోర్‌మెన్.

ఆ ఫోర్‌మెన్ గురించి ఒక మాట. మెషిన్ల మోతలో ఏళ్ల తరబడి ఉండి ఒక చెవి మందగించిన పెద్దాయన. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు. ఇంజనీరు కంగారుకు విరుగుడు ఆయనే. ఇంజనీరుకు మాత్రం ఒకటే పీడకల, నూనె. లైనింగుకు నూనె తగిలితే అది పట్టుకోదు, జారుతుంది. అందుకని పట్కార్లు బిగించే చోట సబ్బు, బకెట్టు పెట్టించి, చేతులు కడుక్కోకుండా దగ్గరికొచ్చిన వాళ్లను తరిమేవాడు. గ్రీజులోనే బతికే ఫిట్టర్లు ఆయన్ను చూసి ఒకటే నవ్వు. ఫోర్‌మెన్ మాత్రం నవ్వకుండా అందరికంటే ముందు తాను కడుక్కునేవాడు.

ఇసుక బస్తాలు నింపి పరీక్షలు చేశాం. ముందు వర్క్‌షాపు పట్టాల మీద, తర్వాత బాయి ఏటవాలు మీద. కావాలనే తాడు వదిలేస్తే, ప్రతిసారీ పట్కార్లు గట్టిగా కరుచుకుని బండి ఆగింది. ఏటవాలు మీద పరీక్షలప్పుడు నేను పైన మొగదల దగ్గరే నిలబడేదాన్ని, ఎందుకంటే చట్ట ప్రకారం ఆడవాళ్లు బాయిలోకి దిగకూడదు.

ఇక మనుషులను ఎక్కించడమే మిగిలింది. అక్కడ పడింది పీటముడి. మా బాయిల్లో పాత అలవాటు ఒకటుంది. ఏదైనా కొత్త యంత్రం వచ్చినా, పాతది బాగుచేసినా, చేసినవాడు ముందు ఎక్కాలి. ఎక్కి దిగి చూపిస్తేనే మిగతావాళ్లు కాలు పెడతారు. ఇంజనీరు, ఫోర్‌మెన్ సరేనన్నారు. అప్పుడు ఆ బాయిలో అందరూ కాక అని పిలుచుకునే ముసలి కార్మికుడు లేచి, ఇసుక బస్తాలకు ప్రాణముంటదా అని అడిగాడు. మనుషులున్నప్పుడే తాడు వదిలి చూపించాలన్నాడు. ఇంకా ఒక మాట అడిగాడు. పట్కారు గీసిందెవరు? ఆమె ఎక్కదా?

ఆమె ఎక్కడానికి చట్టం ఒప్పదు. ఆమె ఎక్కకుంటే ఆమె ఇంటివాళ్లు ఎక్కాలన్నారు. మా ఆయన ఆ బాయిలోనే కోల్‌ఫిల్లర్, ఆ గుంపులోనే కూర్చుని ఉన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుంటూ, ఏదో సంతకు పోయొస్తానన్నట్టు చెప్పాడు.

"నీ దిక్కు నుంచి నేనెక్కుతున్న. చెప్పొచ్చిన."

వద్దనబోయాను. పట్కారు మీద నాకు నమ్మకం లేక కాదు. అది ఇసుక బస్తాలకు సరిపోయిన నమ్మకం. ఎవరో ఎక్కితే అది ఉద్యోగం, ఆయన ఎక్కితే అది నా మెడలోని పుస్తె. ఇట్లా అనుకోవడం తప్పని నాకు తెలుసు, ఎక్కేవాళ్లందరికీ ఇంట్లో ఒకరుంటారు. కానీ అనుకున్నాను. వద్దని అనలేకపోయాను. గీసినదాన్నే వద్దంటే ఇంకెవరెక్కుతారు?

ఆ మాట మా అత్తమ్మ చెవిన కూడా పడింది. మా మామ బాయిలో పైకప్పు కూలి చనిపోయిన మనిషి. ఆయన ఉద్యోగమే కొడుక్కి వచ్చింది. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు రొట్టెలు చేసి, ఆఖర్న నన్నడిగింది, తాడు తెగితే నా కొడుకును ఏది పట్టుకుంటదని. నేను పట్కారు తీసి రొట్టెల కర్రను పట్టి చూపించాను. పట్టు ఎక్కడ బిగుస్తుందో ఆ లోపలి చోటు మీద వేలు పెట్టి, ప్రాణమంతా ఇక్కడే ఉందత్తమ్మా అన్నాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత దాన్ని గోడకు తగిలించకుండా దేవుడి పటాల దగ్గర పెట్టింది. మరునాడు పొద్దున వేడి గిన్నెలు కొంగుతోనే దించుకున్నాం.

ఆ రోజు రానే వచ్చింది. బాయి మొగదల దగ్గర మామిడాకులు, డప్పులు, పెద్ద ఆఫీసర్ల జీపులు. భద్రత చూసే పెద్ద ఆఫీసరు కూడా వచ్చాడు. మనుషులుండగా తాడు వదిలే సంగతి ఆయనకు ఎవరూ సరిగా చెప్పలేదు, ఆయనా సరిగా అడగలేదు. ఏటవాలులో కొంత దూరాన తెల్లసున్నంతో గీత గీశారు. అక్కడి దాకా తాడు మీద దిగాలి, గీత దగ్గర ఫోర్‌మెన్ కొక్కెం తప్పించి తాడు వదిలేస్తాడు, పట్కార్లు పట్టుకోవాలి. పైనుంచి అందరికీ కనపడుతుంది. అట్టడుగున ఇసుక గుట్ట పోసి, లోపల మనుషులెవరూ లేకుండా చూశారు.

డ్రాయింగు చుట్ట చంకలో పెట్టుకుని నేను ఆఫీసర్ల పక్కన నిలబడాల్సి వచ్చింది. వాళ్లు అడిగితే విప్పి చూపించాలి. ఈలోపు బండికి పూజ జరిగింది. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కాలనీ ఆడవాళ్లు బొట్లు పెట్టారు. అత్తమ్మ బండి పక్కన కూలబడి కింద ఏదో చేస్తున్నట్టు కనిపించింది. దండం పెట్టుకుంటోంది అనుకున్నాను.

ముందు బెంచీ మీద ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఫోర్‌మెన్, ఒక పక్క ఇంజనీరు, ఇంకో పక్క మా ఆయన. కొత్త హెల్మెట్, మెడలో బంతిపూల దండ. వాళ్ల వీపులే నాకు కనిపిస్తున్నాయి. గంట కొట్టారు. డప్పులు ఎత్తుకున్నాయి. బండి మెల్లగా కదిలింది.

అత్తమ్మ నా పక్కకొచ్చి నిలబడి నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా, జారుడుగా ఉంది. చూస్తే వేళ్ల నిండా పసుపు. పొడి పసుపు కాదు, మెరుస్తున్న పసుపు. నా వేలితో తుడిచి రుద్ది చూశాను. నూనె.

"ఎక్కడ పెట్టినవ్ అత్తమ్మా ఇది?"

"నీ పట్కార్లకే బిడ్డా. నాలుగిటికి, లోపల మంచిగ పూసిన. నీళ్లతోని పెడితే బాయి తడికి పోతది, అందుకే నూనెల కలిపిన."

ఆమె ముఖంలో ఎంత నిమ్మళం! ఆ ముఖం నేను ఇప్పటికీ మరిచిపోలేను. కొడుకును పట్టుకునే చోటేదో నన్నే అడిగి తెలుసుకుని, సరిగ్గా అక్కడే, ఊడిపోకుండా పెట్టింది.

ఆపండి అని అరిచాను. డప్పుల్లో కలిసిపోయింది. మళ్లీ అరిచాను. పక్కనున్న ఆఫీసరు, భయపడుతోంది పాపం అన్నట్టు నావైపు చూసి నవ్వాడు. డ్రాయింగు చుట్ట కింద పడేసి బండి వెంట పరుగెత్తాను. ఆడవాళ్లు దాటకూడదని కట్టిన గొలుసు దగ్గర కాపలావాడు చేతులడ్డం పెట్టాడు. వెనక గల్లీ లేదు. చుట్టూ తిరిగి ఎదురుపోవడానికి అక్కడ దారే లేదు. ఉన్నది ఒక్క దారే, అది లోపలికి దిగుతోంది. గీత దగ్గర పడుతోంది. ఫోర్‌మెన్ చెయ్యి కొక్కెం మీద ఉంది.

అప్పుడు పిలిచాను. పేరు పెట్టి, వెనక నుంచి, గొంతు చీలిపోయేట్టు పిలిచాను. ఆ పేరు ఇక్కడ రాయను, ఈ రాతలో ఎవరి పేరూ లేదు కాబట్టి.

ఆపండి అంటే ఎవరూ తిరగరు. తన పేరు వినబడితే, అదీ ఒక ఆడగొంతులో, ఎంతటివాడైనా తిరుగుతాడు. మా ఆయన తిరిగాడు. రెండు చేతులూ తలపైకెత్తి అడ్డంగా ఊపుతున్న నన్ను చూశాడు. ఏం అర్థమైందో గానీ ఫోర్‌మెన్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఫోర్‌మెన్ పైనున్న గంటకు కట్టిన సిగ్నల్ తీగ లాగాడు. ఒక్క గంట. ఒక్క గంటంటే ఆపు. పైన ఇంజను తాడును బిగబట్టింది. బండి గీతకు ఇవతల ఆగింది.

డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో కాక గొంతు ఒక్కటే వినిపించింది. ఎనుకనుంచి పిలిచింది, ఇయ్యాల ఎవ్వడు ఎక్కడు అన్నాడు. ముగ్గురూ దిగి పైకి నడిచొచ్చారు. బండిని పైకి లాగారు. మా ఆయన నా ముఖం చూడలేదు. పెద్ద ఆఫీసరు ముఖం కందగడ్డ అయింది.

నేను ఇంజనీరు దగ్గరికి పోయి, సార్, లైనింగుకు నూనె, అన్నాను. అంతే అన్నాను. ఆయన బండి కిందికి దూరి, వేలు పెట్టి, వాసన చూసి, అక్కడే కూర్చుండిపోయాడు. ఎవరు పూశారని ఆఫీసరు గర్జించాడు. అత్తమ్మ నోరు తెరవబోయింది. నేనే పూశాను సార్, పూజకు, అన్నాను. నూనె చుక్క కోసం ఆర్నెల్లు నా ముందే అందరినీ తరిమిన ఇంజనీరు నా చేతులు చూశాడు. ఒక్క వేలికే పసుపు. తర్వాత అత్తమ్మ చేతులు చూశాడు. ఏమీ అనలేదు. ఆ మనిషికి నేను ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఇంత నూనెకేమవుతుంది, ఈమెది చాదస్తం, తుడిచి మళ్లీ ఎక్కండని ఆఫీసర్లలో ఎవరో అన్నారు. ఫోర్‌మెన్ తల అడ్డంగా ఊపాడు.

"తుడువద్దు సాబ్. గట్లనే ఉండనియ్యి. బస్తాలు పెట్టి వదులుదం. ఏమైతదో అందరు చూడాలె."

ముందు బెంచీ మీద మూడు బస్తాలు, వెనక మిగతావి. బండి గీత దాటగానే, పైనుంచి లాగే తీగతో కొక్కెం తప్పించారు. పట్కార్లు మూసుకున్నాయి. నేను గీసినట్టే, ఎక్కడా తేడా లేకుండా మూసుకున్నాయి. మునుపటి పరీక్షల్లో పట్టా కీచుమని అరిచేది. ఈసారి ఏ చప్పుడూ లేదు. బండి అట్లా జారిపోయింది. ఒక్క క్షణం తెల్లటి పొగ, కాలిన పసుపు వాసన, అంతే. చీకట్లోకి పోయాక కూడా చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత అడుగు నుంచి చప్పుడు వచ్చింది.

బండిని పైకి లాగితే, ఇసుక గుట్టను దాటి గోడను గుద్దిన ముందు భాగం రేకు డబ్బాలా నలిగి ఉంది. ముందు బెంచీ మడతపడింది. మూడు బస్తాలూ పగిలి ఇసుక కారుతోంది. అత్తమ్మ వచ్చి ఆ బెంచీని చూసింది. కొడుకు కూర్చున్న పక్క బస్తా ఉన్న చోట చెయ్యి పెట్టబోయి, తన వేళ్లు చూసుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను, అందరి ముందూ, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

నాకు మెమో ఇచ్చారు. తీసుకున్నాను. ఆ మెమో సంగతి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, పూజలో అజాగ్రత్త అని కంపెనీ చరిత్రలో ఇంకెవరికీ ఇచ్చి ఉండరు. మా ఆయన వారం దాకా నాతో మాట్లాడలేదు. ప్రాణం పోయేదని తెలుసు, అయినా వందమంది ముందు పెళ్లాం పేరు పెట్టి పిలిచిందన్నది మింగుడు పడలేదు. తోటివాళ్లు స్నానాల దగ్గర ఆడగొంతు పెట్టి ఆయన పేరు పిలిచేవారట. ఆఖరికి ఒకరోజు తింటూ తింటూ ఆయనే కిసుక్కున నవ్వాడు. బతికున్నోణ్ణి కాబట్టే పిలుస్తున్నరు లే అన్నాడు.

ఇంజనీరు, నేను మళ్లీ బల్ల ముందు కూర్చున్నాం. బోర్డు మీద పెద్దక్షరాలతో పూజ నిషేధం అని రాయిద్దామని పైనుంచి సలహా వచ్చింది. ఇంజనీరు పెన్సిలు కొరుకుతూ, చదువు రాని తల్లి ఆ బోర్డు ఏం చదువుతుందమ్మా అన్నాడు. పట్కార్లకు చెయ్యి దూరకుండా ఇనుప రేకు కప్పులు గీశాను. అది సగమే. పెట్టాలనుకున్న చెయ్యి ఎక్కడో ఒకచోట పెడుతుంది. అందుకని బండి ముందు భాగాన, చేతికందే ఎత్తులో, గుండ్రటి ఇత్తడి బిళ్ల ఒకటి గీశాను, పసుపు కోసం. దానికి మంజూరు రాదని ఇంజనీరు డ్రాయింగులో నేమ్ ప్లేట్ అని రాశాడు. తర్వాత మందమర్రి వైపు పోయిన బండ్లకు కూడా ఆ బిళ్ల పెట్టారు. దాని మీద పేరు లేదేమిటని ఎవరో తనిఖీ ఆఫీసరు అడిగితే, ఇంకా ఖరారు కాలేదు సార్ అని ఇంజనీరు చెప్పాడట.

రెండోసారి పరీక్ష రోజున అత్తమ్మ వచ్చింది. ఆ బిళ్లకు పసుపు పెట్టి, బొట్టు పెట్టి, బకెట్టు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంది. నా దగ్గరికొచ్చి రెండు చేతులూ ముందూ వెనకా తిప్పి చూపించింది. మళ్లీ అదే ముగ్గురు, అదే బెంచీ. గీత దగ్గర తాడు వదిలారు. పట్టా కీచుమని అరిచింది. అంత మంచి చప్పుడు నా జన్మలో వినలేదు. బండి ఆగింది. మా ఆయన ఈసారి ఎవరూ పిలవకుండానే వెనక్కి తిరిగి చూశాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, మొదటి షిఫ్టు రోజు, ఆయన ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా మరిచిపోయి బయల్దేరాడు. నేను డబ్బా తీసుకుని వెనక గల్లీ వైపు తిరిగాను. అత్తమ్మ వాకిట్లో చాట పట్టుకుని బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"గా గల్లి తిరుగుడెందుకు బిడ్డా? పిలువు. నువ్వు పిలిస్తే మంచిదే."

గడపలో నిలబడి పిలిచాను. లైన్లో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. ఆయన ఆగి, వెనక్కి నడిచొచ్చి, డబ్బా తీసుకుని పోయాడు.